బెల్ ఎయిర్ బంపర్‌కి క్రోమ్ తేవడం: ఒక కేస్ స్టడీ

నేను రంగు వేసిన మోడల్ కారు మొదటి బంపర్ తీసుకెళ్లి చేతిలో పెట్టగానే మామయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోసి, దాన్ని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పి, మాట్లాడకుండా నాకే తిరిగి ఇచ్చేశారు. కాసేపాగి, "ఏందబ్బయా ఇది? కిటికీ ఊచలకి సిల్వర్ పెయింట్ వేసినట్టుండాది. క్రోమ్ అన్నావే!" అన్నారు.

మామయ్య అంటే చుట్టం కాదు. పెరంబూరులో మా వీధి చివర ఇల్లు. నెల్లూరు వైపు నుంచి చిన్న వయసులోనే చెన్నై వచ్చి, అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ప్లేటింగ్ (లోహపు పూత పట్టే) షాపులో 30 ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. వాళ్లబ్బాయి అమెరికా నుంచి వస్తూ 1957 షెవ్రొలే బెల్ ఎయిర్ అనే పాత అమెరికన్ కారు మోడల్ కిట్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. 1/25 స్కేలు, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు. మామయ్యకి చెయ్యి వణుకు, ఆ చిన్న ముక్కలు పట్టుకోలేరు. నేను ఇలాంటి మోడల్ కార్లు డబ్బు తీసుకుని చేసిపెడతానని తెలుసు కాబట్టి డబ్బా నా దగ్గరికి వచ్చింది. షరతు ఒక్కటే: "బంపర్‌లో నా మొహం కనపడాల."

జీవితమంతా క్రోమ్ తొట్టి పక్కన నిలబడ్డ మనిషికి క్రోమ్ పెయింట్ చూపించడమంటే వంటమనిషికి ఇన్‌స్టంట్ సాంబార్ పెట్టడమే. ఆ సంగతి నాకు ఒప్పుకున్న తర్వాత వెలిగింది.

కిట్‌లో బంపర్లు క్రోమ్‌తోనే వస్తాయి కదా, వాటిని అలాగే వాడచ్చు కదా అని అడగచ్చు. కిట్ క్రోమ్ అసలు క్రోమ్ కాదు. ప్లాస్టిక్ ముక్కల మీద లాకర్ (వార్నిష్ లాంటి పూత) పొర వేసి, వాక్యూమ్ గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి దాని మీద పట్టిస్తారు. మెరుపుకి వంక పెట్టలేం. ఇబ్బంది వేరే చోట ఉంది. ముక్కను ఫ్రేమ్ నుంచి కోసిన చోటల్లా తెల్ల ప్లాస్టిక్ బయటపడుతుంది. అచ్చు రెండు సగాలు కలిసిన గీత బంపర్ పొడవునా క్రోమ్ కిందే ఉండిపోతుంది. దాన్ని అరగదీయాలంటే క్రోమ్ పోవాల్సిందే. పైగా కిట్ క్రోమ్ మరీ తెల్లగా మెరుస్తుంది, బొమ్మలా ఉంటుంది. అలా ఎందుకు ఉంటుందో కాస్త కిందికి వెళ్లాక చెబుతాను.

కాబట్టి తీసేశాను. తెల్లబట్టలకు వాడే లిక్విడ్ బ్లీచ్ గాజు సీసాలో పోసి బంపర్లు, గ్రిల్, వీల్ కవర్లు, అద్దాలు అన్నీ వేస్తే అరగంటలో అల్యూమినియం మాయమైంది. బ్లీచ్ ఉన్న చోటికి టాయిలెట్ కడిగే యాసిడ్ రానివ్వకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. అల్యూమినియం పోయాక పసుపు రంగు లాకర్ మిగిలింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమేశాను. అచ్చు గీతలను 600 నంబరు నుంచి 2000 నంబరు దాకా గరుకు కాగితం, అంటే వాటర్ పేపర్‌తో నీళ్లు తగిలిస్తూ తీశాను. గుంటలకు పుట్టీ వాడలేదు, ఫెవిక్విక్ చుక్క పెట్టి అదే రోజు అరగదీశాను. పుట్టీ ఎండేకొద్దీ కుంగుతుంది. మామూలు రంగు కింద ఆ కుంగుడు ఎవరి కంటా పడదు, క్రోమ్ కింద మాత్రం చెరువు గుంటలా కనిపిస్తుంది.

ఇక్కడిదాకా తప్పు లేదు. తప్పంతా తర్వాతే.

నవంబర్ నెల, ఈశాన్య రుతుపవనం. బయట వాన, గదిలో హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) 84 శాతం చూపిస్తోంది. అయినా ఆగలేదు. డెలివరీ తేదీ చెప్పేశానన్న టెన్షన్ ఒకటి, ఏమవుతుందిలే అన్న ధీమా ఒకటి. క్రోమ్ కింద అడుగుగా నిగనిగలాడే నలుపు రంగు ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) కొట్టాను, మర్నాడు సాయంత్రమే దాని మీద ఆల్‌క్లాడ్ అనే క్రోమ్ పెయింట్ పట్టించాను. మొదటి రెండు పొరల వరకూ అద్భుతంగా ఉంది, లోతైన నీళ్లలా. ఇంకా కొంచెం తెల్లగా ఉంటే బాగుంటుందనిపించి మూడోది, నాలుగోది, ఐదోది. అద్దం కాస్తా బూడిద రంగు సిల్వర్ అయిపోయింది. మామయ్య చూసింది దాన్నే.

ఆ బంపర్‌ని పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద పెట్టి, ఏం జరిగిందో నాకు నేనే పోస్ట్‌మార్టం చేసుకున్నాను. మొదటిది, నలుపు నున్నగా లేదు. కమలాపండు తొక్కలా సన్నటి ఎగుడుదిగుళ్లున్నాయి. రెండోది, బంపర్ మీది గార్డుల పక్క మూలల్లో పలచటి తెల్లటి మసక. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రంగు పైభాగం చల్లబడుతుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ మంచులా దాని మీద దిగుతుంది. చెన్నై వానాకాలంలో ఇది ప్రతి పెయింటరూ తినే దెబ్బే. మూడోది, నలుపు పూర్తిగా ఆరలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా థిన్నర్ వాసన వస్తోంది. పైన పడ్డ క్రోమ్‌లోని సాల్వెంట్ ఆ పచ్చి నలుపుని మళ్లీ కదిలించింది. నాలుగోది, ఎక్కువ పొరలు. క్రోమ్ పెయింట్‌లో ఉండేవి అతి పలచటి అల్యూమినియం రేకులు. పలచగా పడితే నేల మీద పరిచిన బిళ్లల్లా పక్కపక్కన చదునుగా పడుకుంటాయి, వెలుగు ఒకే దిక్కుకి తిరిగి వస్తుంది. ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పోగుపడతాయి, వెలుగు నాలుగు దిక్కులకూ చెదురుతుంది. అప్పుడది వట్టి సిల్వర్ పెయింటే.

ఈ లెక్కంతా చెబితే మామయ్య నవ్వారు. "మా షాపులోనూ అంతే గదా. మెరిసేది క్రోమ్ అనుకుంటారు అందరూ. మెరిసేది కిందుండే నికెల్. దాని కింద ఇనుముని బఫింగ్ వాడు ఎంత పాలిష్ పట్టాడో అంత. క్రోమ్ పైన ఊరికే పొర. బఫింగ్ దగ్గర గీత ఉంటే తొట్టిలోంచి గీతే వస్తది." నిజమే. బంపర్ లాంటి వస్తువు మీద నికెల్ 10, 20 మైక్రాన్లు ఉంటే క్రోమ్ అర మైక్రాన్ కూడా ఉండదు. ఆయన తొట్టిలో చేసిందీ నేను ఎయిర్‌బ్రష్‌తో చెయ్యాల్సిందీ ఒకటే పని. ఆయనకి బఫింగ్, నాకు నలుపు. నేను ఆ పనిని ఒక్క రోజులో ముగించి, పై పొరకి ఐదుసార్లు తిరిగాను.

ఆ ఆదివారం ఇద్దరం పుదుపేట వెళ్లాం. పాత కార్లు విప్పి అమ్మే వీధులు. ఒక షాపు బయట గోడకి ఆనించిన అంబాసిడర్ బంపర్ ఒకటి దొరికింది. తుప్పు చుక్కలున్నా మధ్యలో రెండడుగులు శుభ్రంగా ఉంది. మామయ్య జేబురుమాలుతో తుడిచి, "ఇప్పుడు చూడు" అన్నారు. వంగి చూశాను. పై సగంలో ఆకాశం, తెల్లగా. కింది సగంలో రోడ్డు, బూడిద రంగు. మధ్యలో ఎదురు షాపులు, మనుషులు, ఆటోలు అన్నీ కలిసిపోయి అడ్డంగా సాగిన ఒక నల్లటి పట్టీ. ఆ పట్టీ అంచు కత్తితో కోసినట్టుంది. బంపర్ మొత్తం మీద తెలుపు కంటే ముదురు రంగే ఎక్కువ. క్రోమ్ అనిపించేది ఆ నలుపు, తెలుపుల మధ్య గీతే. నేను ఇంకా తెల్లగా, ఇంకా తెల్లగా అని పొరలు పెంచుతూ చెరిపేసింది దాన్నే.

దీనికి లోహాల లెక్క కూడా తోడుంది. అల్యూమినియం తన మీద పడ్డ వెలుగులో సుమారు 90 శాతం తిప్పి పంపుతుంది. క్రోమియం 65 శాతం దగ్గర ఆగిపోతుంది, కాస్త నీలిరంగు ఛాయతో. అందుకే అల్యూమినియంతో చేసిన కిట్ క్రోమ్ అసలు క్రోమ్ కంటే తెల్లగా, బొమ్మలా కనిపిస్తుంది. నల్లటి అడుగు మీద పలచటి అల్యూమినియం రేకులు పడితే సందుల్లోంచి నలుపు కొంచెం కనిపించి, మొత్తం ఛాయ క్రోమియం వైపు దిగుతుంది. నలుపు అడుగున ఉండడానికి నున్నదనం ఒక్కటే కారణం కాదు.

రెండో ప్రయత్నానికి ముందు చెంచాల మీద పరీక్ష పెట్టాను. మోడలింగ్ చేసేవాళ్లకి తెల్ల ప్లాస్టిక్ చెంచా కంటే మంచి టెస్ట్ పీస్ లేదు. వీపు వైపు వంపు అచ్చం బంపర్ వంపే. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు దేశమంతా నిషేధం, మంచిదే. నా దగ్గర అంతకు ముందు పెళ్లిళ్లలో దాచుకున్న కట్ట ఒకటి ఉంది, బంగారంలా పొదుపుగా వాడుతున్నాను. చెంచా వీపుని తెలుగు పేపర్ హెడ్డింగుకి ఎదురుగా పట్టుకుని, అద్దంలో తిరగబడ్డ అక్షరాలు ఎంత దూరం దాకా చదవగలనో చూడడం నా పరీక్ష. తెలుగు లిపి ఈ పనికి భలే అనువైనది. గుండ్రటి ఒంపులు కాబట్టి మసక ఏ కొంచెం ఉన్నా "వ"కీ "మ"కీ తేడా పోతుంది.

బూడిద ప్రైమర్ మీద మామూలు సిల్వర్: అక్షరాల సంగతి అటుంచి, పేపర్ ఎక్కడుందో కూడా తెలియలేదు. ఒక్క రోజు ఆరిన నలుపు మీద ఆల్‌క్లాడ్: దగ్గరగా పెడితే అక్షరాల నీడలు. నాలుగు రోజులు ఆరిన నలుపు మీద అదే ఆల్‌క్లాడ్, రెండే రెండు పలచటి పొరలు: జానెడు దూరంలో హెడ్డింగు చదవగలిగాను. అదే నలుపు మీద ఆరు పొరలు: మళ్లీ బూడిద. మోలోటో లిక్విడ్ క్రోమ్ (ఇంకో బ్రాండు క్రోమ్ రంగు), రీఫిల్ సీసాలోంచి నేరుగా ఎయిర్‌బ్రష్‌లో పోసి కొట్టింది: అన్నిటికంటే స్పష్టం, హెడ్డింగు కింద చిన్నక్షరాలు కూడా సగం సగం కనిపించాయి. ఆశ చావక ఇంకో మోలోటో చెంచా మీద రక్షణకని రంగు లేని క్లియర్ కోట్ వేశాను. మెరుపు చల్లబడి, ఇంట్లో స్టీలు గిన్నె బయటివైపులా అయింది. క్రోమ్ మీద క్లియర్ వేస్తే బలం వస్తుంది, అద్దం పోతుంది. రెంటిలో ఒకటే దక్కుతుంది.

మోలోటోకి ఇంకో గుణముంది. చేతికి అంటకుండా త్వరగానే ఆరుతుంది కానీ, లోపల గట్టిపడడానికి వారాలు తీసుకుంటుంది. ఈలోపు వేలు తగిలితే ఆ వేలిముద్ర శాశ్వతం. ఆల్‌క్లాడ్ ఆ విషయంలో కాస్త నయం. ఇదంతా చూసి పనిని పంచేశాను: బంపర్లు, వీల్ కవర్లు, అద్దాలు మోలోటోతో, గ్రిల్ ఆల్‌క్లాడ్‌తో, కిటికీల చుట్టూ పట్టీలకు బేర్ మెటల్ ఫాయిల్ (అతుక్కునే పలచటి లోహపు రేకు). మోడల్ ఎలాగూ అక్రిలిక్ పెట్టెలోకి పోతుంది కాబట్టి క్లియర్ మాట లేదు.

మళ్లీ నలుపు. ఈసారి దానికే ఎక్కువ రోజులిచ్చాను. పాత పొరలన్నీ ఆల్కహాల్‌లో తీసేసి, ముక్కలను డిష్ లిక్విడ్‌తో కడిగి, అప్పటి నుంచి గ్లవ్స్ లేకుండా ముట్టుకోలేదు. ఏసీ వేసి గదిలో తేమ 55 శాతానికి దిగేదాకా ఆగాను. కంప్రెసర్ గొట్టానికి గాలిలోని నీటిని పట్టే మాయిశ్చర్ ట్రాప్ ఉంది కానీ, దాన్ని ఖాళీ చేసి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. తిప్పితే చెంచాడు నీళ్లు కారాయి! నలుపుకి వాడింది మిస్టర్ కలర్ జీఎక్స్2 అనే మోడల్ రంగు, దానికి ఒకటిన్నర రెట్లు మిస్టర్ లెవెలింగ్ థిన్నర్. ఈ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ ఉంటుంది. మన ఊళ్లో అది వరం. రంగు పరుచుకోవడానికి టైం దొరుకుతుంది, తేమ మసక కూడా తగ్గుతుంది. గాలి ఒత్తిడి 18 పీఎస్‌ఐ దగ్గర మొదట రెండు పొడి పొరలు, పది నిమిషాలాగి ఒక తడి పొర. తడి పొర అంటే ముక్క మీద ట్యూబ్‌లైటు నీడ వణక్కుండా గీతలా నిలబడే దాకా. ఒక్క చేతి ఊపు ఎక్కువైతే కింది అంచున బొట్టు కడుతుంది.

ముందు బంపర్ సరిగ్గా ఆ స్థితికి వచ్చాక ఒక దోమ వచ్చి దాని మీద వాలింది. చెన్నై కదా, ఏసీ గదిలో కూడా హాజరు. పట్టకారుతో దాన్ని తీసేస్తే నాలుగు కాళ్ల గుర్తులు మిగిలాయి. తడి మీద ముట్టుకోకుండా వదిలేశాను. కంగారుపడి అప్పుడే సరిచెయ్యబోతే మొత్తం పోతుంది. నాలుగు రోజులు స్టీలు గిన్నె బోర్లించి ఉంచి, ఆ చోటు వరకూ 4000, 6000 నంబర్ల అతి సన్న గరుకు బట్ట, అంటే మైక్రోమెష్‌తో రుద్ది, ఇంకొక పలచటి తడి పొర ఇచ్చి, మళ్లీ నాలుగు రోజులు. ఈ స్కేలులో బంపర్ పొడవు ఏడున్నర సెంటీమీటర్లే. పదో వంతు మిల్లీమీటరు దుమ్ము రేణువు అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల కురుపుతో సమానం. దోమ కాలంటే చెప్పక్కర్లేదు.

మామయ్య మధ్యలో ఒకసారి వచ్చి, గిన్నె ఎత్తి చూసి, "ఇది నల్ల బంపరా?" అని అడిగారు. అందులో మీ మొహం కనపడుతోంది మామా, చూడండి అన్నాను. వంగి చూసుకుని తల దువ్వుకున్నారు. ఆ క్షణమే నాకు పని అయిపోయినట్టు అనిపించింది, నిజానికి క్రోమ్ ఇంకా సీసాలోనే ఉంది.

క్రోమ్ వేయడం అరగంట పని. థిన్నర్ ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకుని (గుడ్డ మాస్క్ ఈ పనికి దండగ), 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 20 పీఎస్‌ఐ. మోలోటోకి ఒక పలచటి చిరుజల్లు, వెంటనే ఒక్క తడి పొర, అంతే. కొట్టిన మరుక్షణం మసగ్గా కనిపిస్తుంది, గుండె గుభేలుమంటుంది. రెండు నిమిషాల్లో కళ్ల ముందే పొగమంచు విడిపోయినట్టు అద్దం తేలుతుంది. తర్వాత రెండు వారాలు గిన్నె కిందే.

గ్రిల్ దగ్గర చిన్న మెలిక. 1957 బెల్ ఎయిర్‌లో గ్రిల్ జాలీ వెండి రంగు కాదు, బంగారు రంగు అనోడైజింగ్ (అల్యూమినియం మీద కరెంటుతో పట్టించే పొర). దాన్ని బంగారు పెయింట్‌తో వేస్తే దేవుడి పటం ఫ్రేములా ఉంటుంది. ఆల్‌క్లాడ్ మీద టామియా ఎక్స్-24 క్లియర్ ఎల్లో (అడుగు కనిపించే పసుపు రంగు)లో ఒక చుక్క క్లియర్ ఆరెంజ్ కలిపి పలచగా చల్లాను. క్లియర్ పడితే అద్దం చచ్చిపోతుందని చెంచా చెప్పింది కదా, ఇక్కడ అదే కావాలి. అనోడైజ్ చేసిన లోహం సాధారణంగా అద్దంలా మెరవదు, మెత్తగా మెరుస్తుంది. ఈ పని మోలోటో మీద చెయ్యకండి, ఆల్కహాల్‌తో పలచబడే రంగు దాన్ని తినేస్తుంది.

వెనక రెక్కల పక్కన ఉండే గీతల ప్యానెల్ కూడా అంతే. అసలు కారులో అది అల్యూమినియం. చాలా మోడల్స్‌లో దాన్నీ బంపర్‌తో సమానంగా మెరిపిస్తారు. నేను అక్కడ ఫాయిల్ అతికించి, టూత్‌పిక్‌తో గీతల్లోకి నొక్కి, కొత్త బ్లేడుతో అంచు కోసి, మెరుపు తగ్గించి వదిలేశాను. బంపర్ పక్కన ఒక మెట్టు చల్లగా ఉండేది ఒకటుంటేనే బంపర్ క్రోమ్‌లా కనిపిస్తుంది. గ్రిల్ సందుల్లోకీ వీల్ కవర్ల గాడుల్లోకీ నీళ్లలో కలిపిన నల్ల పోస్టర్ కలర్, ఒక చుక్క డిష్ లిక్విడ్ వేసి పారించాను. నీళ్లు కాబట్టి క్రోమ్‌కి ఏమీ కాలేదు, ఎక్కువైన చోట తడి దూదితో తుడిస్తే పోయింది.

జనవరి రెండో వారంలో, చెప్పిన తేదీకి అయిదు వారాలు ఆలస్యంగా, పెట్టె తీసుకుని వెళ్లాను. మామయ్య ముందు అక్రిలిక్ మూత తీయమన్నారు. వేలు పెట్టకండి మామా అంటే చేతులు వెనక్కి కట్టుకున్నారు. ముందు బంపర్‌కి మొహం దగ్గరగా తెచ్చారు. అందులో ఆయన కళ్లజోడు, వెనక కిటికీ, కిటికీ మధ్య నల్లటి ఊచలు చిన్నగా, వంకరగా, స్పష్టంగా కనపడ్డాయి. "ఊఁ" అన్నారు. చాలాసేపు చూశారు. తర్వాత కారుని పెట్టెతో సహా పైకెత్తమని, కింది నుంచి వెనక బంపర్ లోపలి వైపు చూసి, "ఇది తప్పబ్బయా" అన్నారు.

లోపలి వైపు కూడా బయటంత మెరుస్తోంది. తిప్పి తిప్పి కొట్టాను కాబట్టి అంతటా పడింది.

"లోపల ఎవడు బఫింగ్ పడతాడు? గంటకింత కూలి. అక్కడ మబ్బుగా ఉంటది, తొట్టిలో కరెంటు కూడా సరిగ్గా అందదు."

పెట్టె వెనక్కి తెచ్చుకుని, బంపర్ల లోపలి వైపు సన్న బ్రష్‌తో, నీళ్లతో కలిపే మ్యాట్ గ్రే పూసి, మర్నాడు సాయంత్రం ఇచ్చి వచ్చాను.